రేపు లేని ఆఫీసు

దెయ్యం కథంటే రాత్రి ఉండాలె, అమావాస్య ఉండాలె అంటరు. మా చంద్రపూర్‌ల అంత ఇంతెజాం అక్కర లేదు. మే నెల మధ్యాహ్నం మూడు గంటలు చాలు. నలభై ఏడు డిగ్రీల ఎండ. రోడ్డు మీద కుక్క సుత కనబడదు. అసొంటి యాల్ల ఎవడన్న బయట నడుస్తుండంటే, వాడు మనిషేనా అని ఒకపారి ఆలోచన చెయ్యాలె.

నా పేరు లెవీ. ఊరి చివర సున్నం ఫ్యాక్టరీల గుమాస్తాను. ఇరవై రెండేండ్ల నౌకరి. ధైర్యస్తుణ్ణి కాను, పిరికోణ్ణి కూడ కాను. అలిసిపోయిన మనిషిని, అంతే. దెయ్యాలు లేవని మా పాస్టరుగారు చెప్తే ఆమెన్ అన్నోణ్ణే. జరిగింది జరిగినట్టు ఇయ్యాల చెప్పేస్త. నమ్ముడు నమ్మకపోవుడు మీ ఇష్టం.

మా ఆఫీసు మేడ మీద ఉంటది. బయటి నుంచి ఇనుప మెట్లు. ఎక్కంగనే ఒక తలుపు, లోపల ఆరు టేబుళ్ళు, చివర మేనేజరు గది. ఎండకాలం కిటికీలకు వట్టివేర్ల తడికెలు కట్టి నీళ్ళు కొడతరు. లోపలంత చీకటిచీకటిగ, తడితడిగ ఉంటది. ఆఫీసు ఊడ్చి నీళ్ళు పెట్టే సమ్మక్క మధ్యాహ్నం గచ్చు మీద కూడ నీళ్ళు చల్లి పోతది. ఒక తడికె పక్కకు జరిపి చూస్తే ఎదురుంగ గుమ్మి కనబడతది. కాల్చిన సున్నం నింపే మూడంతస్తుల ఇనుప డబ్బా అది. కాయితాల మీద సైలో అని రాస్తరు. మా తెలుగు కూలోళ్ళు, ఇంట్ల వడ్లు పోసుకునే గుమ్మి తీర్గ ఉందని, గుమ్మి అన్నరు. అదే పేరు నిలిచింది.

తొంభై ఎనిమిదిల పుణె నుంచి బావిస్కర్ సాబు కొత్త మేనేజరుగ వచ్చిండు. ముప్పై రెండేండ్ల పిలగాడు. మంచోడే, అబద్ధం ఎందుకు. వచ్చిన నెలకే తనది కలిపి ఏడు కంప్యూటర్లు తెప్పించి, అన్నిటినీ ఒక వైరుకు కట్టిచ్చిండు. అండ్ల ఒక క్యాలెండరు. ఎవని దినం వాడు గడీలల్ల రాసుకోవాలె, ఒకని గడీలు ఇంకొకనికి కనబడాలె. మీటింగు ఉందంటే అందరి తెర మీదికి పిలుపు వస్తది, వస్తననో రాననో నొక్కాలె. నాకు ఇంగ్లీషు టైపు వచ్చని దాన్ని నడిపించే పని నా నెత్తిన పెట్టిండు.

ఎవ్వడూ వాడలే. అకౌంట్ల మధుకర్ తన దినమంత సిగరెట్టు డబ్బా మీద రాసుకునేటోడు, డబ్బా అయిపోతే దినం అయిపోయినట్టే. స్టోరుల ఆశన్న అయితే, నా పని నాకెరికే, ఊరందరికి చాటింపు ఎందుకని నా మొఖం మీదనే అన్నడు. నేను ఒక్కొక్కని టేబుల్ కాడికి పోయి, గిట్ల నొక్కు, గట్ల నొక్కు అని బతిమిలాడేది. తలకాయ ఊపేటోళ్ళు. నేను ఇటు తిరగంగనే ఆ తెర మీద పత్తాల ఆట తెరిచేటోళ్ళు. నాకు కోపం కూడ రాకపోతుండె. యాష్టకొచ్చింది.

గప్పుడే బొగ్గు లారీ గొడవ అయ్యింది. మీకు తెలుసో లేదో, హిందీల కల్ అంటే రేపూ అయితది, నిన్నా అయితది. మరాఠీల కాల్ అంటే ఉత్త నిన్ననే. లారీ కల్ వస్తదని హిందీ డ్రైవరు ఫోను చేస్తే, గేటుకాడి మరాఠీ పిలగాడు నిన్ననే వచ్చిందని రాసిండు. ఆశన్న ఆ రాత చూసి బొగ్గు ఉందనుకున్నడు. బట్టీ చల్లారిపోయింది. మూడు భాషలోళ్ళం ఒక్క మాట మీద కూలబడ్డం.

తెల్లారి బావిస్కర్ సాబు అందర్నీ నిలబెట్టి ఒక రూలు చెప్పిండు. ఈ ఆఫీసుల ఇయ్యాటి సంది కల్ అనే మాట లేదు. రేపు లేదు, మరాఠీల రేపు అనే ఉద్యా లేదు, చూద్దాం లేదు. తారీఖు చెప్పాలె, టైము చెప్పాలె, క్యాలెండర్ల ఎక్కియ్యాలె. జూన్‌ల ఆరు టేబుళ్ళల్ల రెండు తీసేస్తున్నరు, పేర్లు నేనే పుణెకు పంపాలె అని కూడ చెప్పిండు. తర్వాత నన్ను లోపలికి పిలిచి, మే మూడో వారానికి అందరూ క్యాలెండర్ వాడకపోతే మొదటి పేరు నీదే లెవీ అన్నడు. నవ్వుకుంటనే అన్నడు.

ఇంటికి పోయి నా భార్య కస్తూరికి చెప్పలేదు. మా బిడ్డ రేష్మ పన్నెండో తరగతి పాసై, నాగపూర్‌ల నర్సింగు చదువుతనని ఫారాలు తెచ్చుకుంటుండె. నలభై ఆరేండ్లకు నన్ను కొత్త నౌకరిల ఎవడు పెట్టుకుంటడు. ఆ రాత్రి నిద్ర పట్టలే.

ఇగ అసలు సంగతి. బావిస్కర్ సాబు ఒకనాడు మెట్లెక్కి వచ్చి, తలుపు ముందర ఆగి, ఈ గీతలేంది అని అడిగిండు. తలుపు మీద చాక్‌పీసుతోని తెలుగుల రాసి ఉండె. మా దిక్కు తెలుగు మాట్లాడేటోళ్ళు మస్తుగున్నరు గని చదివేటోళ్ళు తక్కువ. ఆఫీసుల తెలుగు చదవచ్చేది నా ఒక్కనికే, అది కూడ బైబిలు పుణ్యాన. రాసింది కూడ నేనే. అన్ని దినాలు ఎవ్వలూ అడగని మాట ఆయన అడిగిండు.

'బాపయ్యా, రేపు రా' అని రాసుంది సాబ్ అన్న.

బాపయ్య ఎవరని అడిగిండు. కూలోడు సాబ్, మేనేజరును కలవాలని వస్తుంటడు అన్న. అది అబద్ధం కాదు. పూర్తి నిజం మాత్రం కాదు.

బాపయ్య చచ్చిపోయి అప్పటికి ఏడాదిన్నర.

రాజురా అవతల కొర్పనా దిక్కు ఊరు ఆయనది. యాభై దాటినోడు. ఆ ఇలాకా పాత హైదరాబాద్ రాష్ట్రంల ఉన్నప్పుడు తెలుగు బడిల రెండో తరగతి చదివిండు. తర్వాత బడి మరాఠీ అయ్యింది, ఆయన బర్లకాడికి పోయిండు. ఫ్యాక్టరీల ఆయన పని గుమ్మిల దిగుడు. లోపల సున్నం గడ్డకట్టి గోడలకు అంటుకుంటది. నడుముకు తాడు కట్టుకొని దిగి, ఇనుప సలాకతోని దాన్ని పొడిచి కింద పడెయ్యాలె. ఆ దుమ్ము లోపలికి పోయి పోయి ఆయనకు దగ్గు పట్టుకుంది. అడ్డమైన దగ్గు.

మా దగ్గర బదలీ ఫారం అని ఒకటి ఉంటది. అండ్ల రెండు గడీలు. పని దిగేటోని పేరు ఒకటి, ఆ జాగల ఎక్కేటోని పేరు ఒకటి. పక్కన తారీఖు, కింద మేనేజరు దస్కత్. బాపయ్య ఆ ఫారం పట్టుకొని, గుమ్మి నుంచి తీసి గేటుకాడ వెయ్యుండ్రని అడగనీకి మధ్యాహ్నం మూడింటికి మెట్లెక్కి వచ్చేటోడు. అప్పటి పాత మేనేజరు లోపల పేపరు చదువుకుంట కూసునేటోడు. లోపలికి తోలితే నన్ను కసురుకుంటడు. నా పని నాకే సగం మిగిలి ఉంటుండె. నేను తల ఎత్తకుండనే, రేపు రా బాపయ్యా అనేటోణ్ణి. సరే సారూ అని దిగిపోయేటోడు. ఒక్కనాడు ఎదురు చెప్పలే.

పదకొండు దినాలు. నేను లెక్కపెట్టలేదు. సమ్మక్క లెక్కపెట్టింది, ఆమెది ఆయనది ఒకటే ఊరు. పన్నెండోనాడు మధ్యాహ్నం గుమ్మిల పైన ఉన్న గడ్డ ఒక్కపారే ఇరిగి మీద పడ్డది. తాడు గుంజితే తాడు ఒక్కటే వచ్చింది. సున్నంల నుంచి ఆయనను తవ్వి తీసేసరికి పొద్దు కూకింది.

పాపం చేసిన. అప్పుడు అనుకోలేదు, ఇప్పుడు అంటున్న.

ఆయన పోయిన పదిహేను దినాలకు షురూ అయ్యింది. మూడు గంటలకు మెట్ల మీద బూట్ల చప్పుడు. తలుపు కాడ దగ్గు. తలుపు నుంచి నా టేబుల్ దాకా గచ్చు మీద తెల్లటి అడుగులు, వచ్చినయి మాత్రమే, పోయినయి లేవు. అందరు చూసిండ్రు. ఎవ్వలూ నోరు తెరిచి మాట్లాడలే. సమ్మక్కనే నా దగ్గరికి వచ్చి, నువ్వు రమ్మన్నవు బిడ్డా, వస్తుండు అన్నది. రేపు రా అని తలుపు మీద రాస్తే, వచ్చినోళ్ళు చదువుకొని మళ్ళిపోతరని మా తెలుగోళ్ళల్ల ఒక నమ్మకం ఉంది. తెల్లారి వచ్చి చదివినా అదే రేపు. ఆయనకు తెలుగు చదవచ్చు, నువ్వు రాయి అన్నది.

రాసిన. బడి పిల్లలకు రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలు. ఆనాటి సంది అడుగులు తలుపు దాకా వచ్చి మళ్ళిపోయినయి. ఏడాదిన్నర దినాలు పొద్దుగాల వచ్చుడుతోనే ఆ రాత మీద మళ్ళ చాక్‌పీసు దిద్దుడు నా మొదటి పని. బతికున్నప్పుడు ఏ మాట చెప్పి వెళ్ళగొట్టిన్నో, సచ్చినంక అదే మాటతోని వెళ్ళగొడుతున్న.

బావిస్కర్ సాబుకు ఇవేమీ తెల్వదు. ఆయన రుమాలు తీసి ఆ రాత తుడిచిండు. ఇదే లెవీ నేను చెప్పేది, ఒక మనిషిని దినాం రేపు రా అంటరా, తారీఖు ఇవ్వు, నా క్యాలెండర్ల ఎక్కియ్యి, నేను కలుస్త అన్నడు. నా ఎనక నిలబడి చూసిండు. టైపు చేసిన. మే ఇరవై ఒకటి, మూడు గంటలు, బాపయ్య, బదలీ గురించి. తర్వాత తలుపుకు కొత్త రంగు వెయ్యిమని పెయింటరును పిలిచిండు. నున్నటి ఆకుపచ్చ నూనె రంగు.

చచ్చిపోయినోడని ఎందుకు చెప్పలేదంటరు. చెప్తే ఏడాదిన్నర సంది తలుపు మీద దెయ్యానికి చీటీ రాస్తున్నోణ్ణి అయిత. రెండు టేబుళ్ళు తీసేయనీకి ఇంకేం సాకు కావాలె.

తెల్లారి వింత జూడాలె. ఆఫీసుల అందరూ క్యాలెండర్ తెరిచిండ్రు. తొలిసారి, నేను చెప్పకుండనే. ఒకని తర్వాత ఒకడు ఇరవై ఒకటో తారీఖు గడి చూసిండు, మొఖం మాడ్చుకున్నడు, ఆ దినం తన పేరు కింద సెలవు అని రాసిండు. మధుకర్ అత్తగారింటికి. ఆశన్న పంటి నొప్పికి, వారం ముందుగాలనే. ఎట్ల నొక్కాలె లెవీ అని నన్ను మర్యాదగ అడిగి మరీ నేర్చుకున్నరు. బావిస్కర్ సాబు తెర చూసి నా భుజం తట్టిండు. నడుస్తుంది కదా, నేను చెప్పలే అన్నడు. ఆ దినమే అందరికీ ఎందుకు సెలవు గావాలెనో ఆయన అడగలే.

నేను సెలవు పెట్టుకోలే. ఎట్ల పెట్టుకుంట. ఆ సాయంత్రమే పుణెకు పేర్లు పోవాలె.

అన్ని దినాలు మెట్ల మీద చప్పుడు లేదు, తారీఖు దొరికినోడు ఆగిండు అనుకున్న. ఇరవై ఒకటి వచ్చింది. పొద్దుగాల నుంచి గాలి లేదు. ఐదు టేబుళ్ళు ఖాళీ. రెండింటికి సమ్మక్క కుండ నింపి, గచ్చు మీద నీళ్ళు చల్లింది. పోయేటప్పుడు నా టేబుల్ మీద రెండు గ్లాసులు పెట్టింది. ఈపారి రేపు అనకు బిడ్డా అని మెల్లగ చెప్పి దిగిపోయింది.

రెండున్నరకు బావిస్కర్ సాబు గది నుంచి బ్యాగుతోని వచ్చిండు. నాగపూర్‌ల అర్జంటు పని పడ్డదట. మూడింటికి ఎవరో ఉన్నరు కదా, నా బదులు నీ పేరు పెట్టిన, నువ్వే చూడు, దస్కత్ కూడ నువ్వే పెట్టు అన్నడు. మెట్లు దిగుకుంట, ఇయ్యాలనే ముగించు, కల్ అనకు అన్నడు. వరోరాల ఆగి ఫోను చేస్తనన్నడు. జీపు పోయిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

జేబుల చాక్‌పీసు ఉండె. ఉరికి తలుపు మీద రాయవోయిన. నూనె రంగు మీద పడతలేదు. గట్టిగ ఒత్తిన. జారింది. ఇంకా గట్టిగ ఒత్తిన. ఇరిగి రెండు ముక్కలయ్యి మెట్ల మీంచి కిందికి దొర్లింది. నున్నటి ఆకుపచ్చ తలుపు, దాని మీద నా చెమట మరకలు. అంతే.

వచ్చి కుర్చీల కూసున్న. మూడుకు పది నిమిషాలు ఉందనంగ కరెంటు పోయింది. కూలరు ఆగింది. కంప్యూటర్లు ఒక్కపారి మూలిగి ఆగినయి. సాబు గదిల కంప్యూటరుకు మాత్రం బ్యాటరీ ఉంది, అది అరనిమిషానికి ఒకపారి కీ... అని అరుస్తుంది. వట్టివేర్ల వాసన. తడికెల సందుల నుంచి గీతలు గీతలుగ ఎండ. చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం.

ప్రభువు ప్రార్థన మొదలువెట్టిన. మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము దాకా వచ్చి ఆగిపోయిన. తర్వాతి మాట గుర్తుకు రాలే. నలభై ఏండ్ల సంది చెప్తున్న ప్రార్థన...

సాబు గదిల కంప్యూటరు టంగుమన్నది. మీటింగు యాదిచేసే గంట. మూడయ్యింది.

కింద ఇనుప మెట్టు మీద ఒక అడుగు.

ఇంకొకటి.

తొందర లేదు. పైకి ఎక్కలేనోడు ఎక్కినట్టు, రెండు మెట్లకొకపారి ఆగుడు. ఆగినప్పుడల్ల దగ్గు. ఆ దగ్గు నాకు తెలుసు.

తలుపు కాడ చప్పుడు ఆగింది. చదువుతుండు అనుకున్న. చదవనీకి అక్కడ ఏం లేదు.

తలుపు కిర్రుమన్నది.

తల ఎత్తలే. బతికున్నప్పుడు సుత ఎత్తలే కదా. కండ్లు టేబుల్ మీదనే ఉన్నయి. గచ్చు మీద తడి ఆరలే. అడుగు పడ్డది... స్స్... అని పొంగింది. కాల్చిన సున్నం మీద నీళ్ళు పడితే ఎట్ల పొంగుతదో, గట్ల. ఇంకొక అడుగు... స్స్... ఆవిరి. సున్నం తడిపిన వాసన ముక్కుల నుంచి గొంతులకు దిగింది. గొంతు మండుతుంది. అడుగు... స్స్... దగ్గరికి. నా టేబుల్ అంచు కాడ రెండు బూట్లు. మోకాళ్ళ దాకా తెలుపు. ఆ పైకి నేను చూడలే.

"సారూ..." మెల్లగ, ఊపిరి అందనట్టు. "ఇయ్యాల రమ్మన్నరట."

నా నోరు దానంతటదే తెరుచుకుంది. ఇరవై ఏండ్ల అలవాటు, ఏం జెయ్యాలె. "సాబు లేడు బాపయ్యా. రేపు..."

"రేపు లేదన్నరు కద సారూ."

కోపం లేదు ఆ గొంతుల. గద్దించినా బాగుండు అనిపించింది. నాలుగు మడతలు పెట్టిన ఒక కాయితం నా ముందుకు జరిగింది. జరిపిన చెయ్యి చూసిన. వేళ్ళ సందులల్ల సున్నం, గోర్ల కింద సున్నం. పగుళ్ళు... పగుళ్ళల్ల సుత తెలుపే. నెత్తురు లేదు.

అదే ఫారం. మొదటి గడిల ఎవరిచేతనో ఇంగ్లీషుల రాయించుకున్న ఆయన పేరు. పదకొండు దినాలు నా టేబుల్ మీదికి వచ్చి పోయిన కాయితం. నేను ఒక్కనాడు విప్పి చూడలే. పెన్ను తీసుకున్న. మేనేజరు బదులు అని రాసి దస్కత్ పెట్టిన. గుమ్మి నుంచి తీసి గేటుకు. మూడు నిమిషాల పని. బాపయ్య బతుకంత ఆ మూడు నిమిషాలల్ల ఉండె.

ఏడ్పు వచ్చింది. భయంతోని కాదు.

"నా జాగల ఎవలు సారూ?"

రెండో గడి ఖాళీగ ఉంది. ఎవని పేరు రాస్త? మధుకర్ పేరా? కడుపు నిండని కూలోని పేరా? నా చేతితోని ఎవన్ని దింపుత ఆ గుమ్మిల?

"చూద్దాం బాపయ్యా" అన్న.

బ్యాటరీ కీ... అన్నది.

"చూడుండ్రి" అన్నడు.

అడుగులు మళ్ళినయి. మెట్లు దిగినయి. దగ్గు వినబడలే. మెట్లు దిగేటప్పుడు ఒక్కపారి సుత దగ్గలే.

కరెంటు వచ్చింది. నాలుగు కావస్తుంటే వరోరా నుంచి బావిస్కర్ సాబు ఫోను. వచ్చిండా అని అడిగిండు. వచ్చిండు సాబ్ అన్న. ముగించినవా అన్నడు. అయిపోయింది అన్న. శాబాష్ అన్నడు. ఆ సాయంత్రం పుణెకు పోయిన పేర్లల్ల నాది లేదు. మధుకర్‌ది, ఆశన్నది పోయినయి.

ఆ ఫారం చించెయ్యాలని చేతులకు తీసుకున్న. చింపితే పన్నెండోసారి వెళ్ళగొట్టినట్టే అయితది. చింపబుద్ధి కాలే. పని కాని కాయితాల ఫైలుల పెట్టి, సొరుగుల పెట్టి తాళం వేసిన. తాళంచెవి నా జేబులనే.

తెల్లారి పొద్దుగాల సొరుగు తీసిన. రెండో గడి నిండి ఉంది. తెల్లగ, చాక్‌పీసుతోనో సున్నంతోనో రాసినట్టు తెలుగు అక్షరాలు. లెవీ. పక్కన తారీఖు కాడ... రేపు.

రాత నాదే. అవే పెద్ద పెద్ద అక్షరాలు. ఏడాదిన్నర దినాలు నేను తలుపు మీద రాస్తే ఆయన చదివిండు కదా. ఎట్ల రాయాలెనో నేనే నేర్పిన.

ఆ దినమంత పానం గుప్పిట్ల పెట్టుకొని ఉన్న. ఏం కాలే. తెల్లారి సొరుగు తీసి చూసిన. రేపు అనే ఉంది. ఆ తెల్లారి కూడ రేపే. మెల్లమెల్లగ నాకు అర్థమయ్యింది. రేపు అని రాసి ఉన్నంత కాలం ఇయ్యాల నాదే. పదకొండు దినాలు సరే సారూ అని బాపయ్య ఎందుకు దిగిపోయిండో అప్పుడు తెలిసొచ్చింది. రేపు రా అన్నరంటే రేపు దాకా బతుకు ఉందనుకున్నడు, పిచ్చోడు.

రెండేండ్లు గట్లనే గడిచినయి. రేష్మ నాగపూర్ పోయి నర్సింగుల చేరింది. బావిస్కర్ సాబు పుణెకు మళ్ళిపోయిండు గని ఆయన రూలు నిలబడ్డది. ఇప్పుడు మా ఆఫీసుల క్యాలెండర్ చూడకుండ ఎవ్వడూ చాయ్ సుత తాగడు. రేపు అనే మాట ఎవరి నోట్ల నుంచి రాదు, తారీఖు చెప్తరు. దినాం పొద్దుగాల నేను సొరుగు తీసి ఆ కాయితం చూసుకుంట, తాళం వేసుకుంట. గేటుకాడ వాచ్‌మన్ స్టూలు మీద తెల్లటి దుమ్ము ఉంటదట, ఎంత తుడిచినా. నేను అటు చూడ.

నిన్న మంగళవారం జరం వచ్చి నేను పోలే. ఇయ్యాల పొద్దుగాల పోయేసరికి సొరుగు తెరిచి ఉంది. కొత్తగ చేరిన పిల్ల ప్రతిభ నవ్వుకుంట ఎదురొచ్చింది. మస్తు చురుకైన పిల్ల. హెడ్డాఫీసు నుంచి హుకుం వచ్చిందట, ఆగిపోయిన ఫైళ్ళన్నీ క్యాలెండర్ల ఎక్కియ్యాలెనని. నా సొరుగుకు స్టోరుల ఇంకొక తాళంచెవి ఉన్నదన్న సంగతే నాకు తెల్వదు. అన్నీ ఎక్కించిన లెవీ కాకా, మీకు తకిలీఫ్ ఎందుకని అన్నది. ఒక పాత ఫారం మీద తారీఖు కాడ తెలుగుల ఏదో రాసుంది, నాకు చదవరాదు, తారీఖు లేకుంటే కంప్యూటరు తీసుకోదు కద కాకా, అందుకని నేనే ఒకటి వేసిన అన్నది.

ఏ తారీఖు అని అడగలే. మంచిగ చేసినవు బిడ్డా అన్న. దినమంత నా కంప్యూటరు తెరవలే. ఆ పిల్ల ఒక్కతే గలగల మాట్లాడుతుండె. మిగిలినోళ్ళు ఎవ్వలూ నాతోని మాట్లాడలే. చాయ్ కాడ నేను పోతే లేచి పోయిండ్రు.

ఐదింటికి ఫైళ్ళు సర్దుతుంటే సమ్మక్క వచ్చింది. ఆమెకు కంప్యూటరు లేదు, క్యాలెండర్ లేదు, సెలవు గావాలంటే నన్నే అడగాలె. చీపురు గోడకు ఆనిచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, నా మొఖం చూడకుండ అడిగింది.

"నాకు సుట్టి గావాలె బిడ్డా. రేపు."